ఇరవై ఒకటో పేజీ

మా మండలి ఒక మంత్రిగారి కునుకులోంచి పుట్టింది. పుస్తకాల పండగ ప్రారంభించడానికి వచ్చిన ఆయన ఫొటో కోసం ఒక నవల తెరిచి పట్టుకున్నారు. ఫొటోగ్రాఫరు లెన్సు మార్చుకునేలోగా, వేరే పనేమీ లేక, అందులో మొదటి వాక్యం చదివారు. రెండో వాక్యం చేరేలోపు తల వాలిపోయింది. మెలకువ వచ్చాక ఆయన సిగ్గుపడలేదు, కోప్పడ్డారు. "రోడ్డు మీద గుంట ఉంటే మమ్మల్ని తిడతారు. మరి పుస్తకంలో గుంటలుంటే ఎవర్ని తిట్టాలి? దీనికి బాధ్యులెవరు?" అని మైకులోనే అడిగారు. జవాబు దొరకని ప్రశ్నకి మన దగ్గర ఒక కార్యాలయం ఏర్పాటు చేస్తారు.

అలా రాష్ట్ర సుగమ పఠన మండలి ఏర్పడింది. సామర్లకోట స్టేషనుకి ఎదురుగా, మూతపడిన బియ్యం మిల్లు మేడ మీద మాకు చోటిచ్చారు. నన్ను సూపరింటెండెంటుగా వేశారు. అంతకుముందు నేను కోళ్ల టీకాల విభాగం చూసేవాణ్ణి. సాహిత్యంతో ఏ విధమైన పరిచయమూ లేనందున నిష్పాక్షికంగా వ్యవహరించగలనని నా నియామకపు ఉత్తర్వులో ఉంది. ఆ వాక్యం చదువుకుని గర్వపడ్డాను. ఇప్పటికీ పడుతున్నాను.

చైర్మన్ ముక్కామల ఆదిశేషయ్య గారు జీవితమంతా బస్సుల రాకపోకలు చూసి రిటైరైన పెద్దమనిషి. ఆయన హయాంలో ఎక్స్‌ప్రెస్ బస్సు మధ్యలో ఆగాలంటే డ్రైవరుకి ప్రాణం మీదికి వచ్చేదని చెప్పుకునేవారు. మొదటి సమావేశంలోనే ఆయన బల్ల గుద్ది విషయం తేల్చేశారు.

"పుస్తకం అంటే ఏవిటి? ప్రయాణం. పాఠకుడెవరు? ప్యాసింజరు. మొదటి పేజీలో ఎక్కుతాడు, చివరి పేజీలో దిగుతాడు. మధ్యలో బండి ఎన్నిసార్లు ఆగిందన్నదే నాణ్యత. ఎక్కడా ఆగకపోతే లగ్జరీ. పేజీకోసారి ఆగితే ఆర్డినరీ. బండి ఆగిపోయి, ప్యాసింజరు కిందికి దిగి ఆకాశం కేసి చూస్తున్నాడనుకోండి, అది బ్రేక్‌డౌన్. అటువంటి బండికి పర్మిట్ ఎవడిస్తాడయ్యా?"

ఎవరూ ఇవ్వరని అందరం ఒప్పుకున్నాం. ఆ సాయంత్రానికే సుగమ సూచిక తయారైంది. ప్రతి పుస్తకమూ నూరు మార్కులతో బయలుదేరుతుంది. పాఠకుడు ఆగినప్పుడల్లా అయిదు పోతాయి. చదివిన వాక్యాన్నే మళ్లీ చదివితే అది రివర్సు గేరు కిందికి వస్తుంది కాబట్టి పది పోతాయి. డెబ్బై వస్తేనే గ్రంథాలయాలు కొంటాయి. గ్రంథాలయాలు కొంటేనే ప్రచురణకర్తలు అచ్చు వేస్తామన్నారు. ఇంత సులువైన సంగతి ఇన్ని వందల ఏళ్లుగా ఎవరికీ ఎందుకు తట్టలేదోనని మాకు మేమే ముక్కున వేలేసుకున్నాం.

ఒక్క చిక్కు మిగిలింది. ఆగేది ఎవరు? ఒకడు ఆగిన చోట ఇంకొకడు ఆగడు. రచయితల సంఘంవారు ఇదే పట్టుకుని గోల చేశారు. చైర్మన్ గారు చిరునవ్వు నవ్వారు.

"సంతలో ఒక్కో కొట్టువాడి కిలో ఒక్కోలా ఉంటుంది. అంతమాత్రాన కిలో లేకుండా పోయిందా? ప్రభుత్వం దగ్గర ఒక అసలు కిలో భద్రంగా ఉంది. అలాగే మనకీ ఒక అసలు పాఠకుడు కావాలి. ఆ శాఖకే రాయండి."

రాశాం. ప్రామాణిక పాఠకుడొకరిని సరఫరా చేయవలసిందిగా తూనికలు కొలతల శాఖను కోరాం. అటువంటి వస్తువు తమ దగ్గర లేదని వాళ్లు రాయవచ్చు. కానీ ప్రభుత్వంలో లేదన్న మాట రాయాలంటే మూడు సంతకాలు కావాలి, ఉందని పంపించడానికి ఒకటి చాలు. వాళ్లు తమ ఇన్‌స్పెక్టరు గెద్దాడ చిట్టబ్బాయి గారిని డెప్యుటేషన్ మీద పంపించారు.

చిట్టబ్బాయి గారు నిలువెత్తు మనిషి. కాటా రాయిని అరచేతిలో ఒకసారి ఎగరేసి, దాన్ని అడుగున ఎంత తొలిచారో చెప్పగలరని పేరు. చదువు విషయానికి వస్తే రాళ్ల మీద ముద్రలూ, శాఖవారి సర్క్యులర్లూ తప్ప మరొకటి చదివి ఎరుగరు. చైర్మన్ గారు పరీక్షగా ఒక పాత సర్క్యులరు చేతికిచ్చారు. చిట్టబ్బాయి గారు దాన్ని పై నుంచి కింది దాకా గుక్క తిప్పుకోకుండా చదివి, మడిచి తిరిగి ఇచ్చేశారు.

"ఏం అర్థమైంది?" అని చైర్మన్ గారు అడిగారు.

"అర్థమవ్వాలాండి?" అన్నారు చిట్టబ్బాయి గారు కంగారుగా.

చైర్మన్ గారు లేచి ఆయన్ని కౌగిలించుకున్నారు. వెంటనే గుర్తింపు కార్డు మీద, కాటా రాళ్ల మీద వేసినట్టే, సరిచూడబడినది అని ముద్ర వేయించారు. ఏడాదికోసారి మళ్లీ సరిచూడాలని ఆ ముద్ర కిందే ఉంది. తూనికల శాఖ వారు ఏ రాయికైనా పెట్టే షరతే అది.

పరీక్ష పద్ధతి ఇది. మిల్లులో ఒకప్పుడు వడ్ల బస్తాలు పెట్టే గదిలో చిట్టబ్బాయి గారు కూర్చుంటారు. ఎదురుగా నేను, మెడలో కండక్టరు విజిలు. ఆయన కళ్లు ఆగగానే నేను విజిలు ఊదాలి. మొదట్లో ఆ మోతకి ఆయన ఉలిక్కిపడి ఇంకోసారి ఆగేవారు. దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలా అని స్పష్టత కోరాను. తీసుకోవాలన్నారు. నవల మొత్తం చదివించడం వృథా కాబట్టి మొదటి ఇరవై పేజీలే పంపమనేవాళ్లం. బస్తాకి ఇనప గొట్టం గుచ్చి నాలుగు గింజలు లాగి చూస్తారు గానీ బస్తా అంతా గుమ్మరించరు కదా.

తొలి ఏడాది మాకు అన్నీ విజయాలే. ఒక యువ రచయిత రాసిన పరుగుల నవలకి నూటికి నూరు వచ్చాయి. చిట్టబ్బాయి గారు ఒక్క చోటా ఆగలేదు. ఎలా ఉందని అడిగాను.

"బానే ఉందండి. చివరి దాకా వెళ్లిపోయానండి."

"కథేంటి?"

"కథ... ఎవరో ఎక్కడికో వెళ్తన్నారండి. నేను కూడా వెళ్లిపోయానండి."

ఆ రచయితకి శాలువా కప్పాం. అది చూసి తక్కినవాళ్లు దారిలోకి వచ్చారు. చిట్టబ్బాయి గారు ఏ మాట దగ్గర ఆగుతున్నారో కనుక్కోవడానికి రచయితలు మా మెట్ల మీద తెల్లారగట్ల నుంచే కాపు కాసేవారు. ఒకాయన తన కథానాయకుడి తల్లిని తీసేశారు, ఆవిడ కనపడినప్పుడల్లా పాఠకుడు మెల్లగా నడుస్తున్నాడని. ఇంకొకాయన చావు దగ్గర బండి ఆగుతుందని భయపడి ఎవరినీ చావనివ్వలేదు. ఆయన నవలలో నాయకుడి ముత్తాత గారు మనవడి మనవరాలి పెళ్లిలో కూడా వడ్డన చూస్తూ తిరుగుతున్నారు. ఇరవై పేజీల తర్వాత ఈ పుస్తకాల్లో ఏముంటున్నదో మాకు తెలియదు. గ్రంథాలయాల నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. చదివేవాళ్లు కూడా రావడం లేదని తర్వాత తెలిసింది గానీ ఆ విషయం మా పరిధిలోకి రాదు.

అప్పుడొచ్చింది 'లాకుల దగ్గర'.

పంపినావిడ కోరుకొండ సుభాషిణి గారు, పిఠాపురంలో ఆడపిల్లలకి భూగోళం చెప్పే టీచరు. వెనక రెండు నవలలు అచ్చయ్యాయట. పద్ధతి ప్రకారం ఇరవై పేజీలూ చిట్టబ్బాయి గారి ముందు పెట్టి విజిలు నోట్లో పెట్టుకున్నాను.

కథ ఏమీ ఘనమైనది కాదు. కాలవ మీద లాకు తలుపులు తీసి పడవల్ని దాటించే లస్కరు పైడయ్య వరదలో కొట్టుకుపోతాడు. శవం దొరకదు. అతని భార్య గవరమ్మ ఎవరికీ చెప్పకుండా తనే ఆ తలుపులు తీస్తూ వేస్తూ ఉంటుంది. రెండో పేజీలోనే చిట్టబ్బాయి గారి కళ్లు ఆగాయి. విజిలు ఊదాను. ఆయన ఉలిక్కిపడలేదు. మళ్లీ ఊదాను. ఆయన నా వైపు చూడనైనా లేదు. వేలు కాగితం మీద పెట్టి ఆ వాక్యాన్ని మళ్లీ మొదట్నుంచి చదివి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. బయట చూడ్డానికి గూడ్సు బండి తప్ప ఏమీ లేదు. రూలు ప్రకారం ఇది బ్రేక్‌డౌన్. ఏ వాక్యమో చూద్దామని వెనక నుంచి వంగాను.

ఒక్కదానికే వండుకోవడం గవరమ్మకి చేతకాలేదు. ఇద్దరికీ వండి, మిగిలింది పొద్దున్నే తినేది. ఏడాది పాటు ఆ ఇంట్లో చద్దన్నం పైడయ్య వంతే.

అంతే ఉంది. అందులో కష్టమైన మాట ఒక్కటి లేదు. అందుకే నాకు విషయం బోధపడలేదు.

"సూపరింటెండెంటు గారూ, మీ ఇంట్లో చద్దన్నం ఎవరు తింటారండి?" అన్నారు చిట్టబ్బాయి గారు.

అది పరీక్షకి సంబంధించిన విషయం కాదని చెప్పాను. మా ఆవిడ తింటుంది. ఆ సంగతి అంతకు ముందెప్పుడూ నాకు తట్టలేదు.

పొద్దున మొదలైన పరీక్ష మధ్యాహ్నం భోజనాల వేళకి గానీ ఇరవయ్యో పేజీకి చేరలేదు. నా పెదాలు వాచిపోయాయి. మార్కులు ఎప్పుడో సున్నా దాటి కిందికి దిగిపోయాయి. సున్నా కంటే తక్కువ వేసే అధికారం మాకు లేదు కాబట్టి సున్నా దగ్గర నిలిపాను. ఇరవయ్యో పేజీలో కార్తీకమాసం, తెల్లారగట్ల. మంచులో ఒక పడవ వచ్చి లాకు అవతల నిలబడుతుంది. పడవ కనపడదు, గొంతు వినపడుతుంది. గవరూ, అని పిలుస్తుంది. ఆ పేరుతో ఆమెని పిలిచినవాడు ఒక్కడే. గవరమ్మ చక్రం మీద చెయ్యి వేస్తుంది.

చిట్టబ్బాయి గారు పేజీ తిప్పారు. తిప్పడానికి పేజీ లేదు. బల్ల కింద చూశారు. కుర్చీ జరిపి చూశారు.

"మిగతాదేదండి?"

"మిగతాది ఉండదు కదండీ. నమూనా ఇంతే. పరీక్ష అయిపోయింది."

"పరీక్ష అయిపోయిందండి. పడవ లాకు కాడే ఉండిపోయిందండి! ఆవిడ తలుపు తీసిందా లేదా? ఆ వచ్చినోడు మొగుడేనా? ఇక్కడ ఆపేస్తే ఎలాగండి, మనుషులేనా అసలు?"

ఆయన అంత గట్టిగా మాట్లాడ్డం నేను అదే చూడ్డం. మర్నాడు ఉదయం నా బల్ల మీద ఆయన దరఖాస్తు ఉంది. ఇరవై ఒకటో పేజీ చదువుకొనుటకు అనుమతి కోరుతున్నారు.

మండలి నిబంధనలన్నీ తిరగేశాను. పాఠకుడు చదవకపోతే ఏం చేయాలో ఉంది. నిద్రపోతే ఏం చేయాలో ఉంది. ఇంకా చదువుతానంటే ఏం చేయాలో ఎక్కడా లేదు. ఫైలు పైకి పంపాను. న్యాయ సలహాదారు తమ అభిప్రాయం రాశారు: "పాఠకుడు అనగా చదువుటకు నియమింపబడినవాడే గాని చదువగోరువాడు కాడు." ఆర్థిక సలహాదారు పేరి లక్ష్మీనృసింహం గారు ఇంకా ఘాటుగా రాశారు: "ఇరవయ్యవ పేజీలోనే సున్నా పొందిన గ్రంథమును ఇంకను చదువుట వలన మండలికి కలుగు ప్రయోజనమేమియో విశదము కాలేదు." ఆ ఇంకు నోటు కింద, చెరిపేయడానికి వీలుగా పెన్సిలుతో, "ఇంతకీ పడవలో ఉన్నది మొగుడేనా?" అని ఉంది. ఆయనకి ఆ ఇరవై పేజీలు ఎలా చేరాయో నేను అడగలేదు. ఫైలుకి జతపరిచింది నేనే.

రెండు రోజుల్లో మేడంతా ఇదే గొడవ. గవరమ్మ తలుపు తీస్తుందని ఒక వర్గం, తీయదని ఒక వర్గం. తీయకపోతే ఆమె మీద ప్రభుత్వ విధులకు ఆటంకం కింద కేసు పడుతుందని న్యాయ సలహాదారు టీ కొట్టు దగ్గర నన్ను పక్కకి లాగి మరీ చెప్పారు. లాకు మీద ఆమెకి నియామకమే లేదు కాబట్టి తీస్తేనే కేసు అని నేనన్నాను. ఆయన ముఖం పాలిపోయింది.

ఫైలు చైర్మన్ గారి దగ్గరికి చేరింది. ఆయన దాన్ని మూసి పక్కన పెట్టారు.

"టెర్మినస్ వచ్చాక కూడా ప్యాసింజరు దిగనంటున్నాడంటే లోపం బండిలోనా, ప్యాసింజరులోనా? ఆయన్ని సరిచూడండి."

ఏడాది గడువు కూడా దగ్గరపడింది. సరిచూసే కమిటీ కూర్చుంది. మొదటి రోజు చదివించిన సర్క్యులరే మళ్లీ చిట్టబ్బాయి గారి చేతికిచ్చారు. నేను విజిలుతో సిద్ధంగా ఉన్నాను. ఆయన మొదటి వాక్యం దాటారు. చైర్మన్ గారి ముఖం వికసించింది. రెండో వాక్యం దగ్గర ఆగారు.

"ఏవైంది?" అన్నారు చైర్మన్ గారు.

"ఈ విషయమై పలుమార్లు గుర్తు చేసినప్పటికీ మీ నుండి ఎట్టి సమాధానమూ రాలేదు, అని రాశారండి." చిట్టబ్బాయి గారి గొంతు మెత్తబడింది. "పాపం, ఎన్నిసార్లు రాసుంటాడోనండి ఈయన. తర్వాతేనా జవాబొచ్చిందాండి?"

నేను విజిలు ఊదాను. అది నా ఉద్యోగం. కానీ ఆ సర్క్యులరు నేను చాలాసార్లు చూశాను. దాని వెనక ఒక మనిషి ఉంటాడని ఏనాడూ అనుకోలేదు.

చిట్టబ్బాయి గారు ప్రామాణికత కోల్పోయినట్టు కమిటీ తేల్చింది. రాయి అరిగితే తక్కువ తూగుతుంది. ఈయన ఎక్కువ తూగుతున్నాడని, ఇది ఇంకా ప్రమాదమని రాశారు. గుర్తింపు కార్డు మీద ముద్రకి అడ్డంగా రెండు గీతలు కొట్టి ఆయన్ని సొంత శాఖకి తిప్పి పంపేశారు.

వెళ్లే రోజు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. సుభాషిణి గారికి పంపాల్సిన సున్నా మార్కుల ఉత్తర్వు నా ముందే ఉంది.

"అది నేనిచ్చేస్తానండి. దారేనండి."

పిఠాపురం ఆయనకి దారి కాదు, ఎదురు దిక్కు. పాఠకుడూ రచయితా కలుసుకోకూడదని నిబంధన కూడా ఉంది. అయితే ఆయన ఇప్పుడు పాఠకుడు కాడు. ఉత్తర్వు సక్రమంగా అందుతుందో లేదో చూడ్డానికి నేను కూడా ఆ ప్యాసింజరు బండి ఎక్కాను. పర్యవేక్షణ నిమిత్తం అని ఫైల్లో రాసి పెట్టాను.

సుభాషిణి గారు వరండాలో కూర్చుని పిల్లలు గీసిన నదుల పటాలు దిద్దుతున్నారు. యాభై ఏళ్లుంటాయి. వేళ్లకి నీలం సిరా. మేం ఎక్కడ నుంచి వచ్చామో చెప్పగానే కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఉత్తర్వు చదివారు. ఆవిడ ఏడుస్తారేమోనని నేను భయపడ్డాను. ఏడవలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పటాల కింద దోపేశారు.

"సున్నా వస్తుందనుకోలేదండీ. ఓ నలభై అయినా వస్తాయనుకున్నాను. అంత అర్థం కాకుండా రాశానాండీ?"

చిట్టబ్బాయి గారే మాట్లాడారు.

"అర్థం కాక కాదమ్మా. నేనే ఆగానండి. ఆగినప్పుడల్లా ఈయన విజిలు వేశారండి. అందుకని పోయాయండి మార్కులు."

"మీరే ఆగారా?" ఆవిడ చేతిలో పెన్ను కింద పెట్టారు. "ఎక్కడెక్కడ ఆగారండీ?"

చిట్టబ్బాయి గారు చేతులు కట్టుకుని, క్లాసులో పాఠం అప్పచెప్పే పిల్లాడిలా మొదలుపెట్టారు. చద్దన్నం వాక్యం పొల్లు పోకుండా చెప్పారు. గవరమ్మ పడవవాళ్లకి మొగుడు జ్వరంతో పడుకున్నాడని అబద్ధం చెప్పి, ఆ సాయంత్రం నిజంగానే మిరియాల కషాయం కాచిన చోట ఆగానన్నారు. లాకు తలుపులకి గ్రీజు రాస్తూ తన కాలి వేళ్లకున్న మెట్టెలకి కూడా కాస్త రాసుకున్న చోట ఆగానన్నారు. ఒక్కొక్కటీ చెబుతుంటే ఆవిడ ఊ, ఊ అంటూ విన్నారు. ఆ మెట్టెల దగ్గరికి వచ్చేసరికి ఊ అనలేకపోయారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లి, కాసేపటికి మజ్జిగ గ్లాసులతో వచ్చారు.

"ఆ మెట్టెల మాట నేను తీసేద్దామనుకున్నానండీ. ఎవరికి పడుతుందిలే అని."

"నాకు పట్టిందండి," అన్నారు చిట్టబ్బాయి గారు. మజ్జిగ ముట్టుకోకుండా ముందుకి వంగారు. "ఇప్పుడు చెప్పండమ్మా. తలుపు తీసిందాండి లేదాండి?"

ఆవిడ ముఖంలో వెలుగంతా పోయింది.

"తెలీదండీ. రాయలేదు."

"రాయలేదా?"

"ఇరవై పేజీలే కదండీ అడుగుతున్నారు. ఇప్పుడందరూ అలాగే రాస్తున్నారు. ముందు ఇరవై పేజీలు పంపి, మార్కులొస్తే మిగతాది. ఇదివరకు అలా కాదండీ. ఎవరూ చదవకపోయినా చివరి దాకా రాసేదాన్ని. మీ సూచిక వచ్చాక భయం పట్టుకుంది. పెన్ను పట్టుకుంటే మీ విజిలే వినపడుతోంది. ఇప్పుడు సున్నా కూడా వచ్చింది. ఇంక ఈ జన్మకి రాయలేనండీ."

చిట్టబ్బాయి గారు లేచి నిలబడ్డారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నిన్నటి దాకా నా ఎదుట మెత్తగా కూర్చున్న మనిషి కాడు. సంతలో కొట్లన్నీ గబగబా తక్కెళ్లు దాచుకునేది ఈ మనిషిని చూసే అయి ఉంటుంది.

"ఉత్తర్వుతో పాటు తిరిగిచ్చిన ఈ కట్ట మీద ఏమని రాసుందండి?"

"లాకుల దగ్గర, నవల," అన్నాను నేను.

"నవలని రాశారు. లోపల చూస్తే ఇరవై పేజీలు. పొట్లం మీద రాసిన సరుకు లోపల లేదండి. ఇది తక్కువ తూకం. నేరమండి ఇది!" అంటూ చంకలో సంచీలోంచి తన పాత శాఖ నోటీసు పుస్తకం తీసి, అక్కడే నిలబడి రాశారు. మిగిలిన సరుకు తక్షణం ఇచ్చుకోవాలని, లేదంటే చర్య తప్పదని. కింద సంతకం పెట్టి, చించి ఆవిడ చేతిలో పెట్టారు.

నేను హడలిపోయాను. "చిట్టబ్బాయి గారూ, అది పప్పులకీ నూనెలకీ వర్తించేది..."

"మరి వినియోగదారుణ్ణి నేనేనండి. మోసపోయింది నేనండి!"

సుభాషిణి గారు నోటీసు చదువుకున్నారు. మళ్లీ చదువుకున్నారు. మా లెక్కలో అది రివర్సు గేరు. ఆ తర్వాత మొదలైన నవ్వు చాలాసేపు ఆగలేదు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు.

"ముప్పై ఏళ్లుగా రాస్తున్నానండీ. ఇంకా కావాలని కేసు పెట్టినవాళ్లు ఎవరూ లేరు," అన్నారు. "అంతా ఒక్కసారే ఇవ్వలేనండీ. ముందు ఒక పేజీ ఇస్తాను, ఫరవాలేదా?"

"వాయిదాల్లో ఇవ్వొచ్చండి," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు కఠినంగా. అప్పుడు గానీ మజ్జిగ తాగలేదు.

ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం నోటీసుకి జవాబుగా కవరు వచ్చిందని చిట్టబ్బాయి గారు కబురు పెట్టారు. నేను పర్యవేక్షణ నిమిత్తం ఆయన ఇంటికి వెళ్లేసరికి ఆర్థిక సలహాదారు ముందే వచ్చి అరుగు మీద కూర్చుని ఉన్నారు. న్యాయ సలహాదారు కేసులో ప్రగతి తెలుసుకోవడానికి వచ్చారట. అందరం సర్దుకుంటుండగా వీధిలో రిక్షా ఆగింది. చైర్మన్ ఆదిశేషయ్య గారు దిగారు. మండలికి చెందిన గుర్తింపు కార్డు చిట్టబ్బాయి గారు తిరిగి అప్పగించారో లేదో చూడ్డానికి వచ్చినట్టు, ఎవరూ అడగకుండానే చెప్పారు.

చిట్టబ్బాయి గారు కవరు చింపారు. ఒక్కటే కాగితం. పైన ఇరవై ఒకటి అని అంకె ఉంది. ఆయన గొంతు సవరించుకుని చదివారు.

"గవరమ్మ చక్రం తిప్పలేదు. మంచు కేసి తిరిగి, అన్నం తిన్నావా, అని అడిగింది."

ఆయన అక్కడ ఆగిపోయారు. పేజీలో ఇంకా చాలా ఉంది. ఎవరూ చదవమనలేదు. నా చెయ్యి అలవాటుగా మెడ దగ్గరికి పోయింది గానీ విజిలు తేలేదు. నాకు మా ఇంట్లో పొద్దున్నే వంటగది గడప మీద కూర్చుని, మేమంతా టిఫిను తిన్నాక చద్దన్నంలో మజ్జిగ కలుపుకునే మనిషి కనపడింది. ఇన్నేళ్లలో తిన్నావా అని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. కళ్లు చెమర్చాయి. పక్కన లక్ష్మీనృసింహం గారు పదే పదే ముక్కు చీదుకుంటున్నారు.

"ఏం, బండి ఆగిందేం?" అన్నారు న్యాయ సలహాదారు, అలవాటు కొద్దీ.

చైర్మన్ గారు ఆయన వైపు చెయ్యి ఎత్తారు. "ఆగనివ్వండి," అన్నారు.

సోమవారం నాటికి చైర్మన్ గారు తేరుకున్నారు. కొత్త ఉత్తర్వు వచ్చింది. పాఠకుడు ఆగడమే ఉత్తమ సాహిత్య లక్షణమని మండలి గుర్తించినందున, ఇకపై ప్రతి నవలలోనూ పేజీకి కనీసం ఒక స్టాపు తప్పనిసరి. లేని పేజీకి మార్కులు కోత. శాలువా పొందిన యువ రచయిత పదిహేను రోజుల్లో కొత్త నవల తెచ్చాడు. అందులో ప్రతి పేజీలోనూ ఎవరో ఒకరు చద్దన్నం తింటున్నారు. తక్కినవాళ్లూ అందుకున్నారు. ఇప్పుడు మా మేడ మీద ఏ కట్ట విప్పినా పులిసిన వాసనే.

కొత్త నిబంధన ప్రకారం 'లాకుల దగ్గర', ఈసారి ఇరవై పేజీలే కాకుండా అప్పటిదాకా రాసినంతా, మళ్లీ పరీక్షకి పెట్టాం. చిట్టబ్బాయి గారి స్థానంలో వచ్చిన కొత్త ప్రామాణిక పాఠకుడు, గవరమ్మ తలుపు తీయడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి పడవ బయటపడే దాకా, ఊపిరి బిగపట్టి ఒక్క చోటా ఆగకుండా చదివేశాడు. నిబంధన నిబంధనే. మళ్లీ సున్నా వేశాం.

ఆ ఉత్తర్వు పోస్టులో పంపితే సరిపోతుంది. కానీ పోస్టులో పోయే ప్రమాదం ఉంది కాబట్టి ఒకటి కాకపోతే ఒకటి, మండలి పంపాల్సిన కాగితాలన్నీ ప్రతి శనివారం నేనే స్వయంగా పిఠాపురం తీసుకువెళ్లి, వచ్చేటప్పుడు ఆవిడ చేత అందినట్టు సంతకమూ, ఆ వారం రాసిన పేజీలూ తీసుకుని, దారి కాకపోయినా చిట్టబ్బాయి గారికి చేర్చి వస్తున్నాను. పర్యవేక్షణ నిమిత్తం అని ఫైల్లో ఉంది. ఆ పేజీల నకలు సోమవారం అదే ఫైలుకి జతపరుస్తాను. మొన్న ఆ ఫైలు మీద సంతకం పెడుతూ చైర్మన్ గారు తలెత్తకుండానే అన్నారు:

"సోమవారం దాకా ఆగకండి. శనివారం సాయంత్రం నేను ఇంట్లోనే ఉంటాను."